నరాల మాత్రా, ట్రామడాలా, రెండూ కలిపా: నరాల నొప్పికి మందు ఎంచుకునే ముందు

గుంటూరు కొత్తపేటలోనో, విజయవాడ సూర్యారావుపేటలోనో ఏ మందుల షాపు ముందు ఒక గంట నిలబడినా, ఒకే మనిషి చేతిలో రెండు చీటీలు కనబడటం మామూలే. మొదటిది షుగర్ డాక్టరు రాసినది. అందులో అరికాళ్ల మంటలకూ తిమ్మిర్లకూ ప్రెగాబాలిన్ ఉంటుంది. రెండోది ఎముకల డాక్టరు రాసినది. అందులో నడుము నుంచి పిక్క దాకా లాగే నొప్పికి ట్రామడాల్ ఉంటుంది. రాసిన ఇద్దరిదీ తప్పు కాదు, ఎవరి పరిధిలో వారు సరైన మందే రాశారు. అయితే ఒకరి చీటీ ఇంకొకరు చూడలేదు, చూపించాలని రోగికీ తోచలేదు. ఫార్మసిస్టుగా కౌంటరు వెనక గడిపిన ఇరవై ఆరేళ్లలో నేను ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న "ఇంకా ఏమేం వాడుతున్నారు?" అన్నదే. దానికి ఎక్కువసార్లు విన్న జవాబు "ఏమీ లేదండీ, నరాల బలానికి మాత్ర ఒకటి, అంతే" అన్నదే.

ఆ "అంతే" వల్లనే ఈ వ్యాసం రాయవలసి వచ్చింది. నరాల మాత్ర ఒక్కటే వాడటం, ట్రామడాల్ వంటి ఓపియాయిడ్ జాతి నొప్పి మాత్ర ఒక్కటే వాడటం, రెండూ కలిపి వాడటం, ఈ రెండింటినీ పక్కనపెట్టి మరో దారి పట్టడం అనే మార్గాలను పక్కపక్కన పెట్టి, ఎవరికి ఏది నప్పుతుందో, ఎవరికి ఏది ప్రాణం మీదికి తెస్తుందో ఇక్కడ చెప్పదలిచాను. మందు మార్చవలసినదీ మోతాదు తగ్గించవలసినదీ మీ డాక్టరే. ఆయన ముందు కూర్చున్నప్పుడు ఏమి చెప్పాలో, ఏమి అడగాలో తెలియడానికి ఇది అక్కరకొస్తుంది.

ఏ మాత్ర ఏ జాతిది

మన వైపు ప్రెగాబాలిన్, గాబాపెంటిన్ మాత్రలను "నరాల బలానికి" అని అడిగి తీసుకుంటారు. ఆ పేరే సగం చేటు చేసింది. ఇవి బలం మందులు కావు. గాబాపెంటిన్‌కు 1993లో అమెరికాలో మొదట అనుమతి వచ్చింది మూర్ఛ వ్యాధికి. ప్రెగాబాలిన్ దాని తర్వాత వచ్చిన చిన్న తమ్ముడు. నరాల కణాలలో కాల్షియం లోపలికి వెళ్లే ద్వారాలకు అతుక్కుని, నొప్పి సంకేతాలను మోసే రసాయనాలు ఎక్కువగా విడుదల కాకుండా ఇవి అడ్డుపడతాయి. అందుకే మంటలూ పోట్లూ తగ్గుతాయి, అందుకే మగత కూడా వస్తుంది. మన దగ్గర వీటిని మిథైల్‌కోబాలమిన్ అనే బి12 విటమిన్‌తో కలిపి ఒకే క్యాప్సూల్‌గా అమ్మడం వల్ల మొత్తం క్యాప్సూలే విటమిన్ అన్న భ్రమ పాతుకుపోయింది. మిథైల్‌కోబాలమిన్‌తో పేచీ లేదు. దాని పక్కన ఉన్నదాని పేరు చదవాలి.

రెండో జాతి నల్లమందు కుటుంబం. మార్ఫిన్, కోడీన్ నల్లమందు నుంచి వచ్చినవి. ట్రామడాల్, టాపెంటడాల్, ఫెంటనిల్ ప్రయోగశాలలో తయారైనవి. వీటన్నిటినీ కలిపి ఓపియాయిడ్లు అంటారు. ట్రామడాల్ తన పేరుతో కన్నా పారాసిటమాల్‌తో జతకట్టి ఎక్కువగా ఇళ్లలోకి వస్తుంది. అల్ట్రాసెట్ అలాంటిదే, అందులో ట్రామడాల్ 37.5 మిల్లీగ్రాములు, పారాసిటమాల్ 325 మిల్లీగ్రాములు ఉంటాయి. దాన్ని "కాస్త గట్టి పారాసిటమాల్" అనుకునేవారు చదువుకున్నవారిలోనూ ఉన్నారు. కోడీన్ కలిసిన దగ్గు సిరప్పు కూడా ఓపియాయిడ్ లెక్కలోకే వస్తుంది. 2018లో ట్రామడాల్‌ను కేంద్ర ప్రభుత్వం మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చింది. షాపులో చీటీ చూపమని పట్టుబడితే అది మీ మీద అనుమానం కాదు.

ఒకే మందు రెండు పేర్లతో ఇంట్లో ఉండటం ఇంకో చిక్కు. జన్ ఔషధి దుకాణంలో తెచ్చిన ప్రెగాబాలిన్ ఒక డబ్బాలో, కంపెనీ పేరుతో ఉన్న ప్రెగాబాలిన్ మరో డబ్బాలో ఉండి, ఉదయం ఒకటి, రాత్రి రెండూ వేసుకుంటున్న పెద్దాయనను నేను చూశాను. స్ట్రిప్పు మీది పెద్ద అక్షరాలు కంపెనీ పేరు. మందు పేరు దాని కింద చిన్న అక్షరాలలో ఉంటుంది.

రెండూ కలిస్తే ఏమవుతుంది

మనకు తెలియకుండానే ఊపిరి ఆడించే కేంద్రం మెదడు కాండంలో ఉంది. రక్తంలో బొగ్గుపులుసు వాయువు పెరగగానే ఆ కేంద్రం తొందరపడి శ్వాసను పెంచుతుంది. ఓపియాయిడ్లు ఆ తొందరను మందగింపజేస్తాయి. నరాల మాత్రలు మెదడు మొత్తాన్నీ కొంత నిద్రమత్తులోకి దింపుతాయి. విడివిడిగా, సరైన మోతాదులో, ఆరోగ్యవంతుడైన మనిషి ఈ రెండింటినీ తట్టుకుంటాడు. కలిసినప్పుడు, ముఖ్యంగా నిద్రలో, శ్వాస నెమ్మదించినా లేపవలసిన కేంద్రమే మత్తులో ఉంటుంది. మొదలుపెట్టిన మొదటి రోజులు, మోతాదు పెంచిన రోజులు ఎక్కువ ప్రమాదం. అలవాటైన మోతాదు మీద కొత్త మందు వచ్చి చేరిన రాత్రి అంతకన్నా ప్రమాదం.

ఇది ఊహ కాదు. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో ఓపియాయిడ్లు వాడుతున్నవారి రికార్డులు పరిశీలించి 2017లో వెలువరించిన అధ్యయనంలో, గాబాపెంటిన్ కూడా వాడినవారిలో ఓపియాయిడ్ సంబంధిత మరణం సంభవించే అవకాశాలు సుమారు 49 శాతం ఎక్కువగా కనిపించాయి. ప్రెగాబాలిన్ మీద 2018లో వచ్చిన అలాంటి అధ్యయనంలో ఆ పెరుగుదల సుమారు 68 శాతం. ఇవి రికార్డుల పరిశీలనలు గనుక మరణానికి మందుల జోడీయే కారణమని పూర్తిగా రుజువు చేయవు. ఎక్కువ జబ్బు ఉన్నవారికే రెండూ రాసి ఉండవచ్చు కూడా. అయినా శరీరంలో జరిగే పని తెలిసినప్పుడు ఈ అంకెలను తోసిపుచ్చడం కష్టం. బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ 2017 అక్టోబరులో గాబాపెంటిన్ గురించి, 2021 ఫిబ్రవరిలో ప్రెగాబాలిన్ గురించి శ్వాస మందగించే ప్రమాదాన్ని హెచ్చరించింది. అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ 2019 డిసెంబరులో రెండింటికీ కలిపి హెచ్చరిక జారీ చేస్తూ, ఓపియాయిడ్లు వాడేవారు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారు, వృద్ధులు ప్రత్యేకంగా జాగ్రత్తపడాలని చెప్పింది.

మా పెద్దక్క సంగతి ఇక్కడ చెప్పాలి. ఆమెకు డెబ్బై నాలుగేళ్లు. సర్పి తగ్గిన తర్వాత ఛాతీ పక్కన మిగిలిన మంటకు ప్రెగాబాలిన్ 75 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు వాడేది. బాత్రూములో జారిపడి నడుము పట్టేయడంతో రాత్రిపూట ట్రామడాల్ మాత్ర కూడా మొదలైంది. మూడో రోజు పొద్దున పది గంటలైనా లేవలేదు. ఇంట్లోవాళ్లు తలుపు దగ్గరకు వేసి, "పాపం, ఇన్నాళ్లకు నొప్పి లేకుండా హాయిగా నిద్రపోతోంది" అనుకున్నారు. ఆ గది నుంచి వినిపించిన గురక మామూలు గురక కాదు, గొంతులో నీళ్లు కదిలినట్టు ఉంది, మధ్యమధ్య ఆగిపోతోంది. పని మనిషి కాఫీ ఇవ్వబోయి, పెదవులు నల్లబడటం చూసి కేక వేసింది. ఆసుపత్రికి సమయానికే చేరారు, అక్క బతికింది. నొప్పి రోగి బాగా నిద్రపోవడాన్ని మేలుకు గుర్తుగా చూడటం మన ఇళ్లలో సహజం కాబట్టి, ఈ జోడీ చేసే హాని శాంతంగా, ఎవరినీ కంగారుపెట్టకుండా జరిగిపోతుంది.

బలాబలాల పోలిక

ఏది ఎక్కువ పనిచేస్తుంది అన్న ప్రశ్నకు అంకెలు ఉన్నాయి. నరాల నొప్పి మందుల మీద జరిగిన ప్రయోగాలన్నిటినీ కలిపి 2015లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఒక సమీక్ష వెలువరించింది. ఉత్తుత్తి మాత్రతో పోలిస్తే అదనంగా ఒక్కరికి నొప్పి సగానికి తగ్గాలంటే ఎంతమందికి మందు ఇవ్వాలి అన్నది అందులోని కొలత. అంకె ఎంత చిన్నదైతే మందు అంత మేలు. దిగులు మందులే అయినా నరాల నొప్పికీ ఇచ్చే అమిట్రిప్టిలిన్, నార్ట్రిప్టిలిన్ వర్గానికి అది 3.6, మార్ఫిన్ వంటి గట్టి ఓపియాయిడ్లకు 4.3, ట్రామడాల్‌కు 4.7, గాబాపెంటిన్‌కు 6.3, దిగులు మందుల్లోనే మరో రకమైన డులోక్సెటిన్ వర్గానికి 6.4, ప్రెగాబాలిన్‌కు 7.7. ఈ వరుస చూసి ట్రామడాల్ ప్రెగాబాలిన్ కన్నా గొప్పది అనుకోకూడదు. అదే బృందం ప్రెగాబాలిన్, గాబాపెంటిన్, డులోక్సెటిన్, అమిట్రిప్టిలిన్ వర్గాలను మొదటి వరుసలో పెట్టి, ట్రామడాల్‌ను రెండో వరుసకు, గట్టి ఓపియాయిడ్లను మూడో వరుసకు నెట్టింది. కారణం అలవాటుపడటం, మోతాదు పెంచుకుంటూ పోవలసి రావడం, ప్రాణభయం. ఏ అంకె చూసినా ఒకటి మాత్రం తెలుస్తుంది: మొదటి మందు పనిచేయకపోవడం అరుదు కాదు. అందుకే రెండోది చేర్చాలన్న తొందర అందరికీ వస్తుంది. చేర్చడానికి ముందు మార్చి చూడటం ఉందని చాలామందికి తట్టదు.

మార్చి చూడవచ్చు అనడానికి మంచి ఆధారం ఉంది. షుగర్ వల్ల వచ్చే నరాల నొప్పికి అమిట్రిప్టిలిన్‌తో మొదలుపెట్టడం, డులోక్సెటిన్‌తో మొదలుపెట్టడం, ప్రెగాబాలిన్‌తో మొదలుపెట్టడం అనే మూడు దారులను బ్రిటన్‌లో పోల్చి 2022లో ప్రచురించిన ప్రయోగంలో, నొప్పి తగ్గించడంలో మూడూ దాదాపు సమానంగా నిలిచాయి. ఒకటి చాలనప్పుడు రెండోది చేర్చితే కొందరికి ఇంకొంత మేలు కలిగింది. అయితే అక్కడ చేర్చినవి ఈ మొదటి వరుస మందులే, ఓపియాయిడ్లు కావు. అంటే ప్రెగాబాలిన్ చాలని షుగర్ రోగికి ట్రామడాల్ ఒక్కటే తర్వాతి మెట్టు కాదు.

కానీ ప్రతి మందుకూ దాని తిరకాసు ఉంది. అమిట్రిప్టిలిన్ చవక, రాత్రి ఒకసారి 10 మిల్లీగ్రాములతో మొదలుపెట్టవచ్చు, నిద్ర కూడా పడుతుంది. నోరు ఎండటం, మలబద్ధకం, ప్రోస్టేటు వాపు ఉన్న మగవారికి మూత్రం బిగియడం, వృద్ధులలో లేచి నిలబడగానే కళ్లు తిరగడం, గుండె లయ జబ్బు ఉన్నవారికి ప్రమాదం దాని లోపాలు. డులోక్సెటిన్ మగత తక్కువ. ఆటోనగర్‌లో లారీ నడిపేవారికీ పగలంతా పనిలో ఉండేవారికీ నాకు ఇదే నచ్చుతుంది. కాలేయ జబ్బు ఉన్నవారికీ, మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారికీ అది పనికిరాదు, బీపీ కొంత పెంచవచ్చు.

ఇక్కడ ఒక గొయ్యి ఉంది. ప్రెగాబాలిన్ వల్ల మగత వస్తోందని దాన్ని ఆపి డులోక్సెటిన్ మొదలుపెట్టి, ట్రామడాల్‌ను అలాగే ఉంచడం కొందరు చేసే పని. ఊపిరి ప్రమాదం తగ్గినట్టే ఉంటుంది, ఇంకో ప్రమాదం తలుపు తడుతుంది. ట్రామడాల్ నొప్పి తగ్గించాలంటే కాలేయంలోని ఒక ఎంజైము దాన్ని మరో పదార్థంగా మార్చాలి. డులోక్సెటిన్ ఆ ఎంజైమును అడ్డుకుంటుంది. దాంతో నొప్పి తగ్గడం తగ్గుతుంది. మార్పు చెందని ట్రామడాల్ మాత్రం మెదడులో సెరొటోనిన్ అనే సంకేత రసాయనాన్ని పెంచే గుణంతో మిగిలిపోతుంది, డులోక్సెటిన్ కూడా చేసేది అదే. వణుకు, చెమటలు, కాళ్లు అదరడం, గుండె దడ, జ్వరం, అయోమయం మొదలైతే అది సెరొటోనిన్ మితిమీరిన స్థితి. అమిట్రిప్టిలిన్‌తో, దిగులుకు వాడే చాలా మందులతో కూడా ట్రామడాల్‌కు ఇదే తంటా ఉంది. పైగా ట్రామడాల్ మూర్ఛ తేలిగ్గా వచ్చేలా చేస్తుంది. టాపెంటడాల్‌కు ఆ ఎంజైముతో పని లేదు, సెరొటోనిన్ గొడవ తక్కువ. కానీ ప్రెగాబాలిన్‌తో కలిస్తే ఊపిరి ప్రమాదం దానికీ ఉంది. "ట్రామడాల్ మార్చి టాపెంటడాల్ రాశారు, ఇక భయం లేదు" అనుకుంటే పొరపాటు.

నొప్పి ఒకే చోట, అరచేయంత మేర ఉంటే, లోపలికి మందు పంపకుండా పైన అంటించే మార్గం ముందు చూడాలని నా అభిప్రాయం. సర్పి తర్వాతి మంటకు లిడోకైన్ 5 శాతం ప్యాచ్ ఉంది. రక్తంలోకి వెళ్లేది చాలా కొద్ది గనుక మగత రాదు, ఊపిరితో సంబంధమే లేదు. కాకపోతే ధర ఎక్కువ, చిట్లిన చర్మం మీద వేయకూడదు. క్యాప్సైసిన్ ఇంకో మార్గం. గుంటూరు వారికి దాని పరిచయం అక్కరలేదు, మిర్చి యార్డు దారిలో ముక్కు మూసుకునేలా చేసేది అదే. నొప్పి తంతువులను మొదట మండించి తర్వాత మొద్దుబార్చడం దాని పద్ధతి. అలాగని కారప్పొడి నూనెలో కలిపి కాలికి రాసుకోవడం వైద్యం కాదు. షుగర్ పాదానికి స్పర్శ తెలియదు, పుండు పడిన తర్వాతే తెలుస్తుంది.

ఎవరికి ఏది: మొదట మూత్రపిండాలు చూడాలి

ప్రెగాబాలిన్ కావాలా గాబాపెంటిన్ కావాలా అన్న తర్జనభర్జన కన్నా మూత్రపిండాల లెక్క ఎన్నో రెట్లు ముఖ్యం. ఈ రెండు మందులనూ కాలేయం అరగదీయదు. మింగినది మింగినట్టే మూత్రంలో పోవాలి. మూత్రపిండాలు సగం పనిచేస్తే మందు శరీరంలో అంతకంత నిలిచిపోతుంది. డాక్టరు మీకు రాసినది మామూలు మోతాదే అయినా, మీ ఒంట్లో అది రెట్టింపు మోతాదుగా పనిచేయవచ్చు.

రక్త పరీక్ష కాగితం మీద క్రియాటినిన్ (మూత్రపిండాలు బయటికి పంపవలసిన వ్యర్థం) అంకె ఒక్కటే చూసి నిశ్చింత పడకూడదు. ముప్పై అయిదేళ్ల, డెబ్బై కిలోల మగవాడికి క్రియాటినిన్ 1.4 ఉంటే, వయసూ బరువూ కలిపి వేసే లెక్క ప్రకారం మూత్రపిండాల వడపోత నిమిషానికి సుమారు 73 మిల్లీలీటర్లు. మా అక్క వయసు, నలభై ఎనిమిది కిలోల బరువు ఉన్న స్త్రీకి అదే 1.4 ఉంటే ఆ లెక్క సుమారు 27కు పడిపోతుంది. వడపోత 15 నుంచి 30 మధ్య ఉన్నవారికి ప్రెగాబాలిన్ రోజు మొత్తం మీద 25 నుంచి 150 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. అక్క వాడుతున్న 75 రెండు పూటలంటే సరిగ్గా ఆ పై గీత మీద నిలబడి ఉంది. ట్రామడాల్ దాన్ని ఆ గీత దాటించింది. గాబాపెంటిన్ అయితే ఇదే స్థితిలో రోజుకు 200 నుంచి 700 మిల్లీగ్రాములు. ట్రామడాల్‌ను కూడా వడపోత 30 కన్నా తగ్గినప్పుడు పన్నెండు గంటలకోసారి, రోజుకు 200 మిల్లీగ్రాములు మించకుండా ఇవ్వాలి. మామూలు వారికి పై హద్దు 400, డెబ్బై అయిదు దాటినవారికి 300.

ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు మండలం తండాల నుంచి మూత్రపిండాల జబ్బుతో విజయవాడ ఆసుపత్రులకు వచ్చేవారి సంగతి అందరికీ తెలిసిందే. అలాంటివారికి ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్ సూది పొడిచి, కాళ్ల మంటలకు ప్రెగాబాలిన్ ఇచ్చి పంపితే, మొదటి మందు మూత్రపిండాలను ఇంకొంత దెబ్బతీసి రెండో మందును ఒంట్లో నిలబెడుతుంది. మన ఎండాకాలం కూడా లెక్కలోకి రావాలి. మే నెలలో విజయవాడలో ఒంట్లో నీరు ఆవిరైపోయి మూత్రం తగ్గినప్పుడు, వాంతులూ విరేచనాలూ పట్టుకున్నప్పుడు, ఏప్రిల్ దాకా సరిపోయిన మోతాదే ఎక్కువైపోతుంది. అలాంటి రెండు రోజుల్లో డాక్టరుకు ఫోను చేసి మోతాదు అడగడం నామోషీ కాదు.

మూత్రపిండాలు బాగున్న మనిషికి ఈ రెండింటిలో ఏది మేలు అంటే, గాబాపెంటిన్ మోతాదు పెరిగేకొద్దీ పేగులు దాన్ని పీల్చుకునే వంతు తగ్గుతుంది. పొరపాటున ఎక్కువ వేసుకున్నా కొంత కాపుదల ఉన్నట్టే. ప్రెగాబాలిన్ ఎంత వేసుకుంటే అంతా దాదాపుగా రక్తంలోకి చేరుతుంది. ఓపియాయిడ్ తప్పనిసరి అయినవారికి ఈ తేడా వల్ల గాబాపెంటిన్ కొంత నయం అనిపించవచ్చు, కానీ ఓపియాయిడ్లు పేగుల కదలిక తగ్గిస్తాయి గనుక గాబాపెంటిన్ అక్కడ ఎక్కువసేపు ఆగి ఎక్కువగా పీల్చుకోబడుతుంది. మార్ఫిన్ ఇచ్చిన రెండు గంటలకు గాబాపెంటిన్ ఇస్తే రక్తంలో దాని పరిమాణం సుమారు 44 శాతం పెరిగినట్టు దాని సమాచార పత్రంలోనే ఉంది. కాబట్టి ఆ కాపుదల సరిగ్గా అవసరమైన చోటే పలుచబడుతుంది.

మూత్రపిండాల తర్వాత ఊపిరి. చుట్టలు కాల్చి ఆయాసం తెచ్చుకున్నవారు, గురకపెడుతూ నిద్రలో ఊపిరి ఆగిపోయేవారు, బాగా లావుగా ఉన్నవారు ఈ జోడీకి దూరంగా ఉండటమే మంచిది. మద్యం తాగేవారి విషయంలో నేను ఇంకా కటువుగా మాట్లాడతాను: రాత్రి తాగే అలవాటు ఉన్న మనిషికి ఈ రెండూ కలిపి ఇవ్వడానికి నా మనసు ఒప్పదు, మానేశానన్నా ఇంట్లోవారిని అడిగి చూస్తాను. నిద్రకు వాడే ఆల్ప్రాజోలం మూడోదిగా చేరితే ప్రమాదం మరో మెట్టు ఎక్కుతుంది. ఓపియాయిడ్లనూ ఆల్ప్రాజోలం కుటుంబాన్నీ కలపడం గురించి ఎఫ్‌డీఏ 2016లోనే తన అత్యున్నత హెచ్చరిక పెట్టింది. తుమ్ములకు వేసుకునే మగత మాత్రలు కూడా ఈ గుంపులోవే.

ఒకే క్యాప్సూల్‌లో ప్రెగాబాలిన్ 75, నార్ట్రిప్టిలిన్ 10 కలిపి వచ్చే మందులు మన దగ్గర బాగా అమ్ముడుపోతాయి. సౌకర్యమే, కాదనను. కానీ ఓపియాయిడ్ వాడుతున్న వృద్ధులకు ఒకదాన్ని తగ్గించి మరొకదాన్ని ఉంచే వీలు అందులో లేదు. ఎస్ఆర్ (మందు నెమ్మదిగా విడుదలయ్యే రకం) అని రాసి ఉన్న మాత్రను సగం చేసి వేసుకోకూడదు కూడా. అలాంటివారికి విడివిడి మాత్రలు రాయమని అడగండి.

కలపడమే సరైనదైనప్పుడు

రెండూ ఎప్పుడూ కలపకూడదని చెబితే అబద్ధమవుతుంది. కాన్సర్ గడ్డ నరాన్ని నొక్కుతున్న రోగికి మార్ఫిన్ ఒక్కటే చాలదు, గాబాపెంటిన్ ఒక్కటే అసలు చాలదు. నరాల నొప్పి ఉన్నవారికి మార్ఫిన్, గాబాపెంటిన్ కలిపి ఇచ్చి 2005లో ప్రచురించిన ప్రయోగంలో, ఒక్కొక్కటి విడిగా ఇచ్చినదాని కన్నా తక్కువ మోతాదులతోనే ఎక్కువ ఉపశమనం దొరికింది. మలబద్ధకం, మగత, నోరు ఎండటం మాత్రం వెంట వచ్చాయి. కాన్సర్ రోగి బంధువులు ఈ వ్యాసం చదివి మార్ఫిన్ ఆపించడానికి పూనుకుంటే అది నాకు పెద్ద బాధ. 2014 చట్ట సవరణ తర్వాత మార్ఫిన్ వంటి అత్యవసర మందులను గుర్తింపు పొందిన ఆసుపత్రులు ఇవ్వడం సులువైంది. అక్కడ మోతాదును చూసుకునేవారూ ఉంటారు. నా భయమంతా నెలల తరబడి సాగే నడుము నొప్పికీ మోకాలి నొప్పికీ ఎవరూ చూడకుండా నడిచే జోడీ మీదనే.

కలపవలసి వచ్చినప్పుడు రెండింటినీ ఒకే రోజు మొదలుపెట్టకూడదు. ఉన్న మందు మోతాదును కొంత తగ్గించి, కొత్తదాన్ని ఉన్నవాటిలో అతి తక్కువ మోతాదుతో, వారం రోజులు ఆగి పెంచుకుంటూ వెళ్లడం పద్ధతి. ఓపియాయిడ్ ఎన్ని రోజులో చీటీలోనే రాయించుకోవాలి; "నొప్పి ఉన్నన్నాళ్లు" అన్నది గడువు కాదు. మొదటి వారం రాత్రిళ్లు పక్కన ఒకరు పడుకోవాలి. వరుసగా ఒక నిమిషం పాటు ఊపిరులు లెక్కపెట్టడం ఇంట్లో ఎవరైనా నేర్చుకోవచ్చు. పెద్దవారికి విశ్రాంతిలో పన్నెండు నుంచి ఇరవై మధ్య మామూలు. పదికి లోపు ఉన్నా, పేరు పెట్టి పిలిచినా తట్టినా లేవకపోయినా, కంటిపాపలు గుండుసూది మొనంత చిన్నవైనా, పెదవులూ గోళ్లూ నల్లబడినా 108కు ఫోను చేసి, మనిషిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. మాత్రల స్ట్రిప్పులన్నీ సంచీలో వేసుకుని వెంట తీసుకెళ్లాలి. నలాక్సోన్ అనే సూది ఓపియాయిడ్‌కు విరుగుడు, ప్రెగాబాలిన్‌కు కాదు. రెండోది కూడా ఒంట్లో ఉందని డాక్టరుకు తెలియకపోతే, సూది తర్వాత కూడా రోగి ఎందుకు తేరుకోవడం లేదో వెతుక్కోవలసి వస్తుంది.

ఫెంటనిల్ ప్యాచ్ వాడేవారికి మన ఊళ్ల ఎండ వల్ల ఒక ప్రత్యేక చిక్కు ఉంది. చర్మం వేడెక్కితే ప్యాచ్ నుంచి మందు వేగంగా దిగుతుంది. జ్వరం వచ్చినా, వేడి నీళ్ల కాపడం పెట్టినా, రోహిణి కార్తె ఎండలో బందరు రోడ్డు మీద స్కూటరు వెనక కూర్చుని వెళ్లినా, నిర్ణయించిన మోతాదు కన్నా ఎక్కువ ఒంట్లోకి పోవచ్చు. దాని మీద ప్రెగాబాలిన్ కూడా ఉన్న మనిషికి ఇది చిన్న సంగతి కాదు. నడుము నొప్పి అనగానే వేడి సంచీ పెట్టడం ఇంట్లో పెద్దవాళ్ల మొదటి వైద్యం గనుక ముందే చెప్పి ఉంచాలి.

భయపడి ఒక్కసారిగా రెండూ ఆపేయడం కూడా తగదు. గాబాపెంటిన్, ప్రెగాబాలిన్‌లను కనీసం వారం రోజుల పాటు మెట్లు మెట్లుగా దించాలి, లేదంటే నిద్ర పట్టకపోవడం దగ్గర నుంచి మూర్ఛ దాకా రావచ్చు. నెలల తరబడి వాడిన ట్రామడాల్‌ను టక్కున ఆపితే ముక్కు కారడం, విరేచనాలు, ఒళ్లు విరుపులు, పట్టలేని అశాంతి వస్తాయి. రెండింటినీ ఒకే వారంలో తగ్గించకుండా ఒకదాని తర్వాత ఒకటి తగ్గించడం మేలు; ఏది ముందు అన్నది ఎంతకాలంగా ఏది వాడుతున్నారన్న దాన్ని బట్టి డాక్టరు తేల్చాలి.

మా అక్క ట్రామడాల్ మూడు రాత్రులే వేసుకుంది గనుక దాన్ని ఆపడం కష్టం కాలేదు. ప్రెగాబాలిన్‌ను రాత్రి 25కు దించి, మంట ఉన్న చోట లిడోకైన్ ప్యాచ్ వేశారు. మంట పూర్తిగా పోలేదు, చీర అంచు తగిలితే ఇప్పటికీ ఉలిక్కిపడుతుంది. ఆ ట్రామడాల్ ఎవరు రాశారని ఆసుపత్రిలో అడిగినప్పుడు ఎవరి దగ్గరా జవాబు లేకపోయింది. తర్వాత ఇంట్లో వెతికితే తెలిసింది: అది ఏ డాక్టరూ ఆమెకు రాసినది కాదు, రెండేళ్ల కిందట బావగారి మోకాలి ఆపరేషన్ తర్వాత మిగిలి, బిస్కెట్ డబ్బాలో ఉండిపోయిన స్ట్రిప్పు. నొప్పి తగ్గగానే మిగిలిన ఓపియాయిడ్ మాత్రలను ఆ డబ్బాలో దాచకండి. వాటిని ఎలా పారవేయాలో కొన్న షాపులోనే ఫార్మసిస్టును అడిగి, ఆ వారంలోనే వదిలించుకోండి.